పుస్తకం దొరకలేదా? అడిగే తీరు మార్చి చూడండి!

‘ఈ పేరుతో పుస్తకం లేదు’ అని కంప్యూటర్ చెప్పగానే నమ్మేసి ఊరుకుంటున్నారా? మొన్నటిదాకా నేనూ అంతే!

మా అత్తయ్యగారికి చూపు బాగా తగ్గింది. చిన్నప్పుడు చదివిన చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ‘గణపతి’ నవల ఎవరైనా చదివి వినిపిస్తే బావుణ్ణని ఆవిడ కోరిక. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాలు ఉచితంగా ఉంటాయని విని, ఫోన్‌లో ‘గణపతి’ అని కొట్టాను. ఇంకేముంది! పూజలు, స్తోత్రాలు వరస కట్టాయి. నవల జాడ లేదు. కంప్యూటర్‌కి మన మనసులో మాట తెలియదు కదా, అక్షరాలు పోల్చి చూస్తుందంతే. రెండు రోజులు తంటాలుపడి నేర్చుకున్న కిటుకులివి.

* పుస్తకం పేరుకి రచయిత ఇంటిపేరు జోడించండి. మధ్యలో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ‘ఆండ్’ అని పెడితే రెండూ ఉన్నవే వస్తాయి. చాటలో పోసి చెరిగినట్టే!

* పాత తెలుగు పుస్తకాల పేర్లు చాలావాటికి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఎక్కించారు. ‘గణపతి’లో ‘టి’ తర్వాత ‘హెచ్’ ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. రెండు స్పెల్లింగులూ రాసి మధ్యలో ‘ఆర్’ పెట్టండి. తెలుగు లిపిలోనూ ఓసారి వెతకండి.

* స్పెల్లింగు మీద అనుమానమా? ‘చిలక’ వరకు ఇంగ్లీషులో కొట్టి నక్షత్రం గుర్తు పెట్టండి. తర్వాత అక్షరాలు ఎలా ఉన్నా చాలాచోట్ల దొరుకుతుంది.

* రెండు మూడు మాటల పేరైతే కొటేషన్ గుర్తుల మధ్య రాయండి. అదే వరసలో ఉన్నవే వస్తాయి. అయితే ఒక్క అక్షరం తప్పినా ఏమీ రాదు సుమా!

* అక్కర్లేనివి తీసేయడానికి ‘నాట్’ ఉంది. తొందరపడి వాడితే రాళ్లతో పాటు బియ్యమూ పోతాయి, జాగ్రత్త.

ఐఐటీ ఖరగ్‌పూర్ వారు తయారుచేసిన నేషనల్ డిజిటల్ లైబ్రరీలోనూ, కంప్యూటర్ కేటలాగు ఉన్న మీ ఊరి గ్రంథాలయంలోనూ ఇలాగే వెతకొచ్చు. గుర్తుల పద్ధతి ఒక్కోచోట కాస్త తేడాగా ఉంటుంది. అక్కడి ‘హెల్ప్’ ఓసారి చదవండి. అర్థంకాకపోతే లైబ్రేరియన్‌గారిని అడగడానికి మొహమాటం వద్దు.

ఇప్పుడు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని అత్తయ్యగారికి రోజుకి పది పేజీలు చదువుతున్నాను. ఎక్కడ నవ్వాలో నాకన్నా ముందే ఆవిడకి తెలుసు!