పరీక్షాకాలమున భయము – విద్య



ఫాల్గుణ మాసము వచ్చినదనగా దేవాలయములో పిల్లల పేర అర్చనలు పెరుగును. హాల్ టికెట్టును స్వామి పాదముల చెంత ఉంచి తల్లిదండ్రులు నమస్కరించుదురు. మంచిదే. కాని ప్రక్కనే నిలిచిన పిల్లవానితో "ఈసారి మార్కులు తగ్గితే మేము నలుగురిలో తలెత్తుకోలేమురా" అనుట కూడ నా చెవిని పడినది. ఆ మాట బిడ్డ చదివిన చదువునే మరపించగలదు. అదెట్లో నేడు విన్నవించెదను.

భయము లేనిదే చదువు రాదని లోకములో ఒక మాట కలదు. అందులో సగమే నిజము. మా పాఠశాలలో గురువుగారి చేత చింతబరికె ఉండెడిది. సంథ చెప్పుకొన్న అనువాకమును వల్లె వేయునప్పుడు ఆ బరికె మమ్ము నిద్రపోనిచ్చెడిది కాదు. ఘనపాఠమునకు వచ్చునప్పటికి సంగతి మారినది. ఘనలో రెండేసి, మూడేసి పదములను ముందునకు, వెనుకకు, మరల ముందునకు, స్వరము తప్పక చెప్పవలెను. అచ్చట బరికె లేచినకొలది నాకు పదము జారిపోయెడిది. గురువుగారు గమనించి, ఒకనాడు బరికెను చూరులో దోపి, "నీకు వచ్చును. తొందర లేదు, చెప్పు నాయనా" అన్నారు. ఆనాడు తప్పు లేక చెప్పితిని.

అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అను శాస్త్రజ్ఞులు 1908లో చిట్టెలుకలపై చేసిన పరీక్షలో ఇట్టిదే కనబడినది. ఎలుక తెల్లని పెట్టెలోనికి పోవలెను. నల్లని దానిలోనికి పోయినచో విద్యుత్తు తగులును. రెండింటి భేదము స్పష్టముగా ఉన్నప్పుడు, దెబ్బ పెరిగినకొలది ఎలుకలు త్వరగా నేర్చినవి. భేదము పోల్చుకొనుట కష్టమైనప్పుడు మితమైన దెబ్బయే మేలైనది. తీవ్రమైన దెబ్బ నేర్పును వెనుకకు లాగినది. మనిషి మనస్సు ఎలుక మనస్సంత సరళము కాదు. అయినను కష్టమైన విద్యకు అతిభయము శత్రువన్నది మనకును అనుభవమే.

భయము కలిగినప్పుడు మూత్రపిండముల పైనున్న గ్రంథులనుండి ఎడ్రినలిన్, కార్టిసాల్ అనునవి రక్తములో చేరును. గుండె వేగముగా కొట్టుకొనును. మితముగా ఉన్నచో మనస్సు మేల్కొనును. మితిమీరినచో నేర్చినది జ్ఞప్తికి రాదు. "ఇంటిలో అన్నీ వచ్చినవి, హాలులో మరచితిని" అని బిడ్డ చెప్పినచో అది అబద్ధము కాదు.

గీతలో అర్జునుని చూడుడు. అవయవములు పట్టు తప్పినవి, నోరెండినది, దేహము వణికినది, గాండీవము జారినది. ఆయనకు విద్య లేకనా? భగవానుడు మొదట మందలించినాడు. ఫలమేమి? "యుద్ధము చేయను" అని అర్జునుడు మౌనము వహించినాడు. అటుపిమ్మటనే స్వామి చిరునవ్వుతో ఉపదేశము ప్రారంభించి, ఫలముపై నున్న చూపును కర్మవైపు మరల్చినాడు. మనస్సు ఒక్కసారి పట్టగలిగినది కొంచెమే. అందులో సగము ర్యాంకు ఆక్రమించినచో, ఎదుటనున్న లెక్కకు మిగులునది సగమే కదా!

భయము వలదంటిమని అలసత్వము కూడదు. తమస్సులో నిద్ర, రజస్సులో అలజడి. విద్యకు కావలసినది సత్త్వములోని మెలకువ. కావున ముందునుండియే క్రమము నేర్పుడు. ఇంటిలో గడియారము పెట్టి వ్రాయించుడు. హాలు క్రొత్త కాదు. పరీక్షకు ముందురాత్రి నిద్ర మాన్పింపకుడు. చదివినది నిద్రలోనే కుదురుకొనును. లోనికి పోవుటకు ముందు నాలుగైదు మారులు ఊపిరిని నిదానముగా, దీర్ఘముగా విడువుమని చెప్పుడు.

2019లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితముల పిమ్మట కొందరు బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. ఆ ఇండ్లలో దీపము మరల ఎవరు వెలిగింపగలరు? కనుక స్వామి సన్నిధిలో హాల్ టికెట్టును బిడ్డ చేతికి ఇచ్చునప్పుడు ఒక్క మాట చెప్పుడు: "వచ్చినది నిదానముగా వ్రాసి రా నాయనా. మార్కులెన్ని వచ్చినను నీవు మా బిడ్డవే." ఆ మాటను మించిన అర్చన ఆనాడు లేదు.

స్వస్తి.