అమెరికాలో అడవి టర్కీ కోళ్లు

మన సభ్యులలో కొందఱు పెరళ్లయందు పెంచుచున్న టర్కీ కోడికి పుట్టినిల్లు అమెరికా ఖండము. మెక్సికో ప్రాంతపు పూర్వజనులు మచ్చిక చేసిన జాతినుండియే నేటి పెంపుడు టర్కీలు వచ్చినవి. దాని దాయాదులు అచటి అడవులలో ఇప్పటికిని స్వేచ్ఛగా తిరుగుచున్నవి. మసాచుసెట్స్ రాష్ట్రమున ఈ పక్షి నశించి, మరల వచ్చి, తుదకు ఇండ్ల వాకిళ్లలో మనుష్యులనే తఱుముటకు తెగించిన వృత్తాంతము రైతులు వినదగినదని తలంచి వ్రాయుచున్నాము.

అడవి నఱికి పొలములు చేసినందునను, మితిలేని వేటవలనను 1851 నాటికి ఆ రాష్ట్రమున అడవి టర్కీ లేకపోయెను. తరువాత పెంపుడు దొడ్లలో పొదిగించిన పిల్లలను అడవిలో విడిచి చూచిరి గాని అవి నిలువలేదు. తల్లివెంట తిరిగి నక్కకు వెఱచుట నేర్వని పిల్ల అడవిలో బ్రతుకుటెట్లు? ఈలోగా వదలివేసిన పొలములలో చెట్లు మరల పెరిగినవి. 1972, 1973 సంవత్సరములలో పొరుగుననున్న న్యూయార్కు రాష్ట్రపు అడవిలో పట్టిన 37 పక్షులను బర్క్‌షైరు కొండలలో విడిచిరి. నేడు వాని సంతతి సుమారు 30,000.

వేట మరల సాగుచున్నది గాని కట్టుబాట్లతో సాగుచున్నది. వసంతకాలమున ఱొమ్మునందు గడ్డమువంటి కుచ్చుగల పక్షినే కొట్టవలెను. అట్టివి మిక్కిలిగా పుంజులు. ఒక పుంజు పలు పెట్టలతో జతకట్టును గనుక కొన్ని పుంజులు పోయినను సంతతికి లోటు రాదు. పెట్ట 28 దినములు పొదుగును. వేటగాడు తెల్లవాఱకమునుపే చెట్టుకు వీపు ఆనించి కదలక కూర్చుండి, చిన్న కొయ్యపెట్టె మూతను రాచి పెట్టకూతను అనుకరించును. టర్కీకి చూపు మిక్కిలి చుఱుకు. ఎఱుపు, తెలుపు, నీలము బట్టలు కట్టరాదందురు. పుంజు తల ఆ రంగులదే గనుక తోడి వేటగాడు పొరబడి కాల్చు ప్రమాదము కలదు!

ఇక ఇండ్లయొద్ది సంగతి. బోస్టను చెంతనున్న బ్రూక్‌లైను వంటి పట్టణములలో ఇవి వీధివెంట నడచిపోవుచుండును. గుంపులో ఒక్కొక్క పక్షికి ఒక్కొక్క హోదా కలదు. ముచ్చటపడి గింజలు వేయువారిని ఇవి క్రమముగా తమ గుంపులోని తక్కువ హోదావారినిగా ఎంచి, పొడుచుటకు వచ్చును. జతకట్టు ఋతువున కారు తలుపులో తన నీడనే చూచి, పగవాడనుకొని పోరాడు పుంజులును కలవు. గింజలు వేయుట మానుడు, మెఱయు అద్దములను కప్పుడు, వెనుకంజ వేయక చీపురుతోనో నీటిధారతోనో తోలుడు అని అచటి వన్యప్రాణి శాఖవారు బోధించుచున్నారు. ఇండ్లకు 500 అడుగులలోపల ఇంటివారి యనుమతి లేక తుపాకి పేల్చుట నిషిద్ధము.

పొలముల విషయమున ఈ పక్షికి నింద ఎక్కువ. ఇండియానా రాష్ట్రమున మొక్కజొన్న చేలను పరిశీలింపగా, నష్టమున మిక్కిలి భాగము జింకలును, రకూను అను చిన్న జంతువులును చేసినవేనని తేలెను. అవి మిక్కిలిగా రాత్రివేళ మేసిపోవును. టర్కీ పట్టపగలు రాలిన గింజలను, పురుగులను ఏఱుకొనుచు రైతు కంటబడును.

మన నెమలి అంత నిరపరాధి కాదు. విత్తిన వేరుసెనగను పెల్లగించి తినుట మన మెఱిగినదే. కాని 1972 నాటి చట్టము ననుసరించి దానిని చంపుట నేరము. మంచెమీది కేకయు, డప్పును, ఱాయి పెట్టని ఒడిసెల చప్పుడును మనకు మిగిలిన సాధనములు.