ఫోటో ల్యాబులో అసాధారణ ఫిల్ములు

ఫోటో ల్యాబుకు వచ్చే ఫిల్ములలో నిత్యం నడిచే యంత్రానికి, రసాయనాలకు సరిపడని వాటిని అసాధారణ ఫిల్ములు లేదా ప్రత్యేక ఆర్డర్లు అంటారు. ఫిల్మును రసాయనాలతో శుద్ధి చేయడాన్ని వాడుకలో 'రీలు కడగడం' అనేవారు. కడగక ముందు ఫిల్ముపై బొమ్మ కంటికి కనబడదు. తప్పు ద్రావణంలో ముంచితే అది శాశ్వతంగా పోవచ్చు.

నిర్మల్ జిల్లా (2016 అక్టోబరు వరకు ఆదిలాబాదు జిల్లా) లోని బాసర జ్ఞానసరస్వతి ఆలయం అక్షరాభ్యాసాలకు ప్రసిద్ధి. వసంతపంచమి నాడు, దసరా నవరాత్రులలో మూలా నక్షత్రం రోజున ఇక్కడ రద్దీ అధికం. పలక మీద బిడ్డ తొలి అక్షరం దిద్దిన క్షణాన్ని మరల ఫోటో తీయడానికి వీలు కాదు. అటువంటి రీలు ఏ బీరువాలోనో ఇరవై ఏళ్ళు ఉండిపోయి ల్యాబుకు చేరితే, దానిని మామూలు రీలుగా చూడరాదు.

రసాయన భేదాలు

1972లో కొడాక్ ప్రవేశపెట్టిన సీ-41 పద్ధతి రంగుల నెగెటివులకు ప్రమాణమైనది. ఇందులో డెవలపరు 37.8 డిగ్రీల సెల్సియస్ వద్ద 3 నిమిషాల 15 సెకన్లు పనిచేస్తుంది. డెవలపరు వెండితోపాటు రంగును కూడా ఏర్పరుస్తుంది. తరువాతి ద్రావణాలు వెండిని మొత్తం తొలగించగా రంగు మాత్రం మిగులుతుంది. సాధారణ నలుపు-తెలుపు ఫిల్ములో ఆ రంగు పదార్థమే లేదు. కనుక దానిని సీ-41లో వేస్తే వెండి పోయి ఖాళీ ఫిల్ము బయటకు వస్తుంది. 1960లో ఊటీలో స్థాపితమై, తరువాత మూతబడిన హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వారి 'ఇందు' నలుపు-తెలుపు రీళ్ళు పాత ఇళ్ళలో దొరికితే ఈ జాగ్రత్త తప్పనిసరి. అయితే ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 నలుపు-తెలుపు ఫిల్మే అయినా సీ-41లోనే కడగాలి. అందుచేత పేరును బట్టి కాక, డబ్బీ మీద అచ్చువేసిన పద్ధతిని చదివి నిర్ణయించాలి.

స్లైడు ఫిల్ముకు ఈ-6 పద్ధతి ఉంది. దానిని సీ-41లో కడిగితే రంగులు మారిపోయిన నెగెటివు వస్తుంది. కొందరు ఛాయాగ్రాహకులు కావాలనే ఇలా కోరతారు. దీనినే క్రాస్ ప్రాసెస్ అంటారు. కోరినది కాకపోతే అది ల్యాబు చేసిన నష్టమే కనుక, ఖాతాదారు చేత కవరు మీద రాయించుకోవడం మేలు.

1935లో వచ్చిన కొడాక్రోమ్‌కు దారి ఇంకా ఇరుకు. రంగునిచ్చే పదార్థాలు ఫిల్ములో కాక డెవలపరులో ఉండేవి. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉన్న డ్వేన్స్ ఫోటో 2010 డిసెంబరు 30న చివరిసారిగా ఈ రీళ్ళను స్వీకరించింది. ఇప్పుడు అటువంటి రీలు దొరికితే నలుపు-తెలుపుగా కడగడమే సాధారణ మార్గం. పాతబడి రంగు నమ్మలేని ఇతర ఫిల్ములకు కూడా ఈ ఉపాయం పనికివస్తుంది. రంగు పోయినా ముఖం నిలుస్తుంది.

ల్యాబులో పని తీరు

కెమెరాలో చిక్కుకున్న రీలును వెలుగు చొరని నల్ల సంచిలో చేతులు పెట్టి తీస్తారు. 400 వేగపు ఫిల్మును 800గా భావించి తీసినట్లయితే డెవలపరు కాలం పెంచాలి. ఇది రీలంతటికీ ఒకేలా వర్తిస్తుంది. సగం బొమ్మలకు ఒక కాలం, మిగిలిన సగానికి మరొక కాలం అంటే రీలును కత్తిరించక తప్పదు. అనుమానం ఉన్నప్పుడు చీకటిలో మొదటి కొన్ని అంగుళాలు మాత్రం కత్తిరించి కడిగి చూస్తారు. ఒకటి రెండు బొమ్మలు పోవచ్చునని ఖాతాదారుకు ముందే చెప్పాలి. ఫిల్ముకు, కవరుకు ఒకే అంకె గల చీటీలు అతికించడం చిన్న పనిగా కనిపించినా, రద్దీ రోజులలో ఒకరి బిడ్డ బొమ్మ మరొకరి ఇంటికి చేరకుండా కాపాడేది అదే.