ఆడపిల్ల కనపడలేదా? 24 గంటలు ఆగమని ఏ చట్టమూ చెప్పలేదు

కర్నూలు, కడప జిల్లాల్లో పదిహేనేళ్ల పిల్ల పొద్దుగూకినా ఇంటికి రాకపోతే ముందు వినపడే మాట ‘గమ్మునుండండి, నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది’. ఆ వెనకే రెండోది: ‘24 గంటలైతే గాని పోలీసులు కేసు కట్టరు’. ఎవరో పెద్దమనిషి ఈ రెండు మాటలూ అంటాడు, ఇంటిల్లిపాదీ తలూపుతారు, ఒక రాత్రి పోతుంది.

ఆ రాత్రి ఖరీదేమిటో తెలియాలంటే రైల్వే మ్యాపు చూస్తే చాలు. చెన్నై–ముంబై రైలుమార్గం కడప, ఎర్రగుంట్ల, గుంతకల్లు, ఆదోనిల మీదుగా పోతుంది. ఈ సాయంత్రం కడపలో ఎవరైనా రైలెక్కించిన పిల్ల రేపు సాయంత్రానికి ముంబైలో ఉండొచ్చు. అప్పుడు ఫిర్యాదు ఇస్తే వెతుకులాట ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?

24 గంటల నిబంధన ఏ చట్టంలోనూ లేదు. కిడ్నాపైన ఒక బాలిక తండ్రి వేసిన పిటిషన్ మీదే 2013 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లలితా కుమారి తీర్పు ఇచ్చింది. విచారణకు తగిన నేరం జరిగినట్టు సమాచారం అందితే పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని చెప్పింది. అదే ఏడాది మే నెలలో బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇంకా సూటిగా చెప్పింది: పిల్లలు కనపడడం లేదని ఫిర్యాదొస్తే అపహరణో, అక్రమ రవాణానో జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలవ్వాలి. అంటే చట్టం మొదటి గంటలోనే చెడును ఊహించమంటోంది. ఊరేమో ‘లేచిపోయింటుందిలే’ అంటోంది.

ఈ ‘లేచిపోయింటుందిలే’ ఎంత పని చేస్తుందో హాజీపూర్ చూపించింది. యాదాద్రి భువనగిరి జిల్లా బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో 2019 ఏప్రిల్లో బడి నుంచి బయల్దేరిన 14 ఏళ్ల బాలిక ఇంటికి చేరలేదు. వెతగ్గా పాడుబడ్డ బావిలో స్కూలు బ్యాగు, ఆ తర్వాత శవం దొరికాయి. వారం తిరక్కముందే మరో ఇద్దరి అవశేషాలు బయటపడ్డాయి. ఒకరు అంతకు నెల ముందు కనపడకుండా పోయిన డిగ్రీ విద్యార్థిని. ఎవరితోనో వెళ్లిపోయిందనుకుని ఇంట్లోవాళ్లు ఫిర్యాదే ఇవ్వలేదని పత్రికలు రాశాయి. ఇంకొకరు 2015లో తప్పిపోయిన 11 ఏళ్ల పాప. ఆ పాప ఏమైందో నాలుగేళ్లు ఎవరికీ తెలియలేదు. ఈ హత్యల కేసుల్లో 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు దోషికి ఉరిశిక్ష వేసింది. మార్చిలో పోయిన అమ్మాయి కోసం మార్చిలోనే గట్టిగా వెతికి ఉంటే? ఈ ప్రశ్న పరువు గురించి మాట్లాడే ప్రతి పెద్దమనిషినీ అడగాలి.

ఒక మాట ఒప్పుకోక తప్పదు. కనపడకుండా పోయిన అమ్మాయిల్లో తమంతట తాము వెళ్లినవాళ్లు చాలామందే ఉంటారు. ఇష్టం లేని పెళ్లి కుదిర్చారనో, ఇంట్లో కొట్టారనో, ప్రేమించిన కుర్రాడి కోసమో. అయినా పద్దెనిమిది నిండని పిల్లను సంరక్షకుల అనుమతి లేకుండా తీసుకుపోతే అది కిడ్నాపే. పిల్ల ఇష్టపడిందన్నది సాకు కాదు. తనంతట తాను గడప దాటిన పిల్లకు బస్టాండులో ఎవరు తగులుతారో ఎవరు చెప్పగలరు?

ఊళ్లో తప్పుడు నమ్మకాలు ఇంకా ఉన్నాయి. అంజనం వేయిస్తే పోయిన పిల్ల కనపడదు, వేయించినంతసేపూ పొద్దు పోతుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ మెసేజీల వల్ల ఒక్క పిల్ల కూడా ఇల్లు చేరలేదు. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మాత్రం ఆ పుకార్లు నమ్మిన గుంపు కొట్టడంతో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ ప్రాణం పోయింది. ఏడేళ్లు దాటితే కేసు మూసేస్తారన్నదీ తప్పే. ఏడేళ్ల లెక్క ఆస్తుల తగాదాల్లాంటి వాటిలో మనిషి చనిపోయినట్టు భావించడానికే. 1983 జూన్‌లో రోమ్‌లో మాయమైన పదిహేనేళ్ల ఎమాన్యుయేలా ఒర్లాండి కేసును నలభై ఏళ్ల తర్వాత, 2023లో, వాటికన్ మళ్లీ తెరిచింది.

ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు తల్లిదండ్రులు గుంటూరు మిరప చేలకు సుగ్గికి (వలస కూలికి) పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. మనవరాలు కనపడకపోతే కొడుకు వచ్చేదాకా ఆ అవ్వ ఆగనక్కర్లేదు. తనే ఫిర్యాదు ఇవ్వొచ్చు, టీచరూ ఇవ్వొచ్చు. అత్యవసర నంబరు 112కు గానీ చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ వెంటనే ఫోన్ చేయాలి. పోలీసులు ‘మా పరిధి కాదు’ అంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ కట్టమని అడగాలి. 2024 జులై నుంచి అది చట్టంలోనే ఉంది. కాదంటే ఎస్పీకి పోస్టులో రాసి పంపాలి. ఇటీవలి ఫొటో, వేసుకున్న బట్టల రంగు, పుట్టుమచ్చలు, ఫోన్ డబ్బా మీది ఐఎంఈఐ నంబరు రాసివ్వాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, తీసుకోనిదే స్టేషన్ నుంచి కదలొద్దు. నాలుగు నెలలైనా ఆచూకీ లేకపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. వెళ్లిందో లేదో కుటుంబమే వెంటబడి అడగాలి.