వాడుకరి ఖాతా (ఇంటి కంప్యూటరు)

ఒకే కంప్యూటరును పలువురు వాడుకొనేటప్పుడు ఒక్కొక్కరి ఫైళ్ళు, అమరికలు, అధికారాలు వేరువేరుగా ఉండేటట్లు ఆపరేటింగ్ సిస్టం కల్పించే ఏర్పాటును వాడుకరి ఖాతా అంటారు. ఖాతాలో వాడుకరి పేరు, సంకేతపదం, అధికార స్థాయి ఉంటాయి. ఆ వాడుకరికి చెందిన ఫైళ్ళు, అమరికల సముదాయాన్ని ప్రొఫైలు అంటారు. ఉమ్మడి ఇంటిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క గది కేటాయించడం వంటిదే ఈ ఏర్పాటు. అయితే గది వేరైనంత మాత్రాన దానికి గట్టి తాళం ఉన్నదని అనుకోరాదు. ఇంటి కంప్యూటర్ల విషయంలో కలిగే నష్టాలలో ఎక్కువ భాగం ఈ భేదాన్ని గుర్తించకపోవడం వలన కలిగేవే.

చరిత్ర

కంప్యూటరును పంచుకోవడం ఇంటి కంప్యూటరు కంటె పాత సంగతి. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ప్రదర్శించిన సిటిఎస్ఎస్ అనే వ్యవస్థలో, ఒకే పెద్ద యంత్రాన్ని అనేకులు తమతమ టెర్మినళ్ళ నుండి ఏకకాలంలో వాడేవారు. ఒకరి ఫైళ్ళు మరొకరికి చిక్కకుండా అందులో సంకేతపదాలను ప్రవేశపెట్టారు. ఒకసారి ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో రెండు ఫైళ్ళను దిద్దుతుండగా అవి తారుమారై, స్వాగత సందేశం రావలసిన చోట అందరి సంకేతపదాల పట్టిక ప్రత్యక్షమైంది. సంకేతపదం పుట్టిన చోటనే ఈ ప్రమాదమూ జరగడం గమనార్హం.

ఇంటి కంప్యూటర్లలో మాత్రం ఈ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది. విండోస్ 95, విండోస్ 98లలో ప్రొఫైళ్ళు ఉండేవి. సంకేతపదం అడిగే పెట్టె కూడా తెరపై కనిపించేది. కానీ ఎస్కేప్ మీట నొక్కితే అది తొలగిపోయి ఎవరైనా లోపలికి వెళ్ళగలిగేవారు. నిజమైన ఖాతాలు 1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీ శ్రేణిలో ఉండేవి. 2001 అక్టోబరు 25న విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో అవి ఇళ్ళకు చేరాయి.

ప్రొఫైలులో ఉండేవి

విండోస్ ఎక్స్‌పీలో ప్రొఫైళ్ళు సి డ్రైవులోని 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' ఫోల్డరులో ఉండేవి. విండోస్ విస్టా నుండి 'యూజర్స్' ఫోల్డరులో ఉంటున్నాయి. లినక్స్‌లో 'హోమ్' అనే డైరెక్టరీ ఇందుకు కేటాయించబడింది. డెస్క్‌టాపు మీది ఫైళ్ళు, వాడుకరి దాచుకున్న పత్రాలు, చిత్రాలు, బ్రౌజరులోని ఇష్టాంశాలు ప్రొఫైలులోకే వస్తాయి. ప్రోగ్రాములు సాధారణంగా అందరికీ ఉమ్మడి.

తెలుగు రాసేవారికి ఈ విభజన ప్రత్యేకంగా అనుభవంలోకి వస్తుంది. ఎక్స్‌పీలో భారతీయ లిపులు సరిగా కనిపించడానికి కావలసిన ఫైళ్ళను నిర్వాహకుడు ఒకసారి స్థాపిస్తే అవి అందరికీ పనిచేసేవి. కానీ తెలుగు కీబోర్డు అమరిక ఎవరి ప్రొఫైలుకు వారిది. తండ్రి ఖాతాలో చక్కగా తెలుగు టైపు అవుతూ, కుమార్తె ఖాతాలో ఇంగ్లీషు మాత్రమే వస్తే కంప్యూటరు చెడిపోయిందనుకోనక్కరలేదు. ఆమె ఖాతాలోనూ కీబోర్డును చేర్చుకుంటే సరిపోతుంది.

అధికార స్థాయిలు

ఖాతాలు ముఖ్యంగా రెండు రకాలు. నిర్వాహక ఖాతా గలవారు ప్రోగ్రాములను స్థాపించగలరు, ఇతరుల ఖాతాలను సృష్టించగలరు, తొలగించగలరు. ప్రామాణిక ఖాతా (ఎక్స్‌పీలో దీనిని పరిమిత ఖాతా అనేవారు) గలవారు తమ పని తాము చేసుకోగలరు, తమ అమరికలను మార్చుకోగలరు. అతిథి ఖాతా అనే మూడవ రకం పూర్వం ఉండేది. 2015లో వచ్చిన విండోస్ 10 నుండి దానిని తీసివేశారు.

ఎక్స్‌పీని స్థాపించే సమయంలో ఇంటివారి పేర్లు ఇస్తే వారందరికీ సంకేతపదం లేని నిర్వాహక ఖాతాలే ఏర్పడేవి. పేర్లు వేరు, చిత్రాలు వేరు, అధికారం మాత్రం అందరికీ ఒకటే. పైగా అప్పటి ఆటలు, ప్రోగ్రాములు అనేకం నిర్వాహక ఖాతాలో తప్ప నడిచేవి కావు. ఏ ప్రోగ్రామైనా దానిని నడిపిన వాడుకరికి ఉన్న అధికారంతోనే పనిచేస్తుంది కనుక, పిల్లలు ఆట అనుకొని వైరసును తెరిస్తే అది యంత్రమంతటినీ వశపరచుకొనేది. ఈ లోపాన్ని సవరించడానికి విండోస్ విస్టాలో నిర్వాహకుని కూడా అనుమతి అడిగే పద్ధతిని ప్రవేశపెట్టారు. మాటిమాటికీ అడుగుతున్నదని జనం విసుగుకొన్నారు. విండోస్ 7లో కొంత తగ్గించారు.

ఇంటిలో అమర్చుకొనే పద్ధతి

నిత్యం ఎవరూ వాడని నిర్వాహక ఖాతా ఒకటి ఉంచి, ఇంటిలో ప్రతివారికీ, పెద్దలతో సహా, ప్రామాణిక ఖాతా ఇవ్వడం ఉత్తమం. ప్రోగ్రాము స్థాపించవలసి వచ్చినప్పుడు ఆపరేటింగ్ సిస్టం నిర్వాహకుని సంకేతపదం అడుగుతుంది. అప్పుడు తెలిసినవారు వచ్చి ఇస్తే చాలు. ఆ సంకేతపదం ఇంటిలో కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి. కంప్యూటరు వ్యవహారమంతా చూసుకొనే అబ్బాయి చదువుకో ఉద్యోగానికో ఊరు విడిచి వెళ్ళిన తరువాత, ముద్రణ యంత్రం కూడా స్థాపించుకోలేక మిగిలినవారు ఇబ్బంది పడడం తరచు జరిగేదే. కాగితంపై రాసి బీరువాలో పెట్టడంలో తప్పులేదు. సంకేతపదానికి పెట్టుకొనే సూచన తెర ముందు కూర్చున్న ఎవరికైనా కనిపిస్తుంది కనుక సంకేతపదాన్నే సూచనగా రాయరాదు.

ఒకరు బయటికి రాకుండానే మరొకరు తమ ఖాతాలోకి మారే వీలు ఎక్స్‌పీ నుండి ఉన్నది. అటువంటప్పుడు మొదటివారి ప్రోగ్రాములు లోపల నడుస్తూనే ఉంటాయి. ఇతరులు లోపల ఉన్నారన్న హెచ్చరికను లెక్కచేయక కంప్యూటరును ఆపివేస్తే వారు భద్రపరచని పని పోతుంది.

ఖాతా తొలగింపు

ఖాతాలకు సంబంధించి ఇంటిలో జరిగే పెద్ద నష్టం ఇదే. పెళ్ళై వెళ్ళినవారిదో, గతించినవారిదో ఖాతా అనవసరమని ఎవరో తొలగిస్తారు. ఎక్స్‌పీలో 'ఫైళ్ళను ఉంచు' అన్న మీట నొక్కితే డెస్క్‌టాపు, 'మై డాక్యుమెంట్స్' మాత్రమే నిర్వాహకుని డెస్క్‌టాపుపైకి చేరేవి. ఈమెయిలు సందేశాలు, ఇష్టాంశాలు, తక్కిన అమరికలు నశించేవి. వృద్ధులు దూరదేశంలోని పిల్లలతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలు ఈ విధంగా పోతే తిరిగి రావు. అదే పేరుతో మళ్ళీ ఖాతా తెరిచినా ఫలితం ఉండదు. విండోస్ మనుషులను పేరుతో గుర్తించదు. ఖాతా పుట్టినప్పుడు ఇచ్చిన భద్రతా సంఖ్యతో గుర్తిస్తుంది. కొత్త ఖాతాకు కొత్త సంఖ్య వస్తుంది. కనుక తొలగించే ముందు ప్రొఫైలు ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కులోకి నకలు తీయాలి. స్థలం కొరత లేకపోతే ఖాతాను తొలగించకుండా నిలిపివేయడం మేలు.

పరిమితులు

నిర్వాహకుడు తలచుకొంటే ఎవరి ఫైళ్ళనైనా తెరవగలడు. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న డిస్కులో వాడుకరి అనుమతులే ఉండవు. విండోస్ 98 నుండి ఎక్స్‌పీకి మారిన అనేక కంప్యూటర్లలో డిస్కు ఆ పద్ధతిలోనే ఉండిపోయేది. అనుమతులు గల ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కును సైతం ఊడదీసి వేరొక యంత్రానికి తగిలిస్తే చదవవచ్చు. డిస్కును గుప్తీకరిస్తే ఈ దారి మూతపడుతుంది గాని, పునరుద్ధరణ సంఖ్యను పోగొట్టుకొన్న యజమానికి కూడా మూతపడుతుంది.

క్రోమ్ వంటి బ్రౌజర్లలోని ప్రొఫైళ్ళు వేరు, ఇక్కడ చెప్పిన ఖాతాలు వేరు. ఒకే విండోస్ ఖాతాలో ఇద్దరు చెరొక బ్రౌజరు ప్రొఫైలు పెట్టుకొంటే ఒకరిది మరొకరు ఒక్క నొక్కుతో తెరవగలరు. బ్యాంకు లావాదేవీలు చేసేవారు విండోస్ ఖాతానే వేరుచేసుకోవాలి. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది.