నవ్వించినవానికి చెరసాల

గంజాయి ఇంట్లో జొరబడితే ఆ కుటుంబము ఏమవుతుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. అయినా తప్పు చేసినవానిని శిక్షించేటప్పుడు కూడా త్రాసు సరిగా ఉండాలి. అమెరికా హాస్యనటుడు టామీ చాంగ్ తన జైలు జీవితమును గురించి 2006లో ప్రచురించిన పుస్తకము మనలను ఈ విషయమే ఆలోచింపజేస్తుంది.

గంజాయి మత్తులో తూగే పాత్రలతో జనాన్ని నవ్వించి పేరు పొందినవాడు చాంగ్. 2003 ఫిబ్రవరిలో అధికారులు ఆయన ఇల్లు సోదా చేశారు. నేరమేమిటి? గంజాయి అమ్మడము కాదు. దానిని పీల్చే గాజు గొట్టాలను ఆయన కుటుంబ వ్యాపార సంస్థ పెన్సిల్వేనియా రాష్ట్రానికి పంపింది. అక్కడి కేంద్ర చట్టము ప్రకారము అదీ నేరమే. భార్యపైన, కుమారునిపైన కేసు పడకుండా ఆయన నేరము ఒప్పుకొన్నాడు.

65 ఏళ్ల వయస్సులో ఆయనకు తొమ్మిది నెలల జైలు, 20,000 డాలర్ల జరిమానా పడ్డాయి. ఆయన సినిమాలు చట్టమును చులకన చేశాయని కూడా ప్రభుత్వ న్యాయవాదులు వాదించారు. అదే దాడులలో పట్టుబడిన అనేకులు జరిమానాతో, గృహనిర్బంధముతో బయటపడ్డారు. చాంగ్ మాత్రము కాలిఫోర్నియాలోని టాఫ్ట్ జైలులో ఉండి 2004 జూలైలో విడుదలయ్యాడు.

2016లో అదే కాలిఫోర్నియా ఓటర్లు పెద్దవారు గంజాయి వాడుకోవచ్చని తీర్పిచ్చారు. చట్టాలు మారతాయి, జైలులో గడచిన నెలలు తిరిగి రావు.

మనము మత్తును సమర్థించడము లేదు. అయితే మన ఊరిలో తగవు తీర్చేటప్పుడైనా ఒక్క ప్రశ్న వేసుకొందాము: ఈ శిక్ష అతడు చేసిన పనికా, లేక మనకు నచ్చని అతని మాటకా?