ఏడాది ఎవరి లెక్కన మొదలవుతుంది?

ఏడాది ఎప్పుడు మొదలవుతుంది? ఉగాదికి అంటాడు పంచాంగకర్త. జనవరి 1కి అంటుంది గోడమీది క్యాలెండర్. ఏప్రిల్ 1కి అంటాడు బ్యాంకు గుమాస్తా. ఏరువాకకి అంటాడు అరక కట్టేవాడు. వీటిలో అసలైనది ఏదని తేల్చేముందు, ఏ లెక్కని ఎవరు ఎందుకు పెట్టారో చూడాలంటాం మేము.

భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారిలో ఎక్కడా గీత గీసి లేదు. తిరిగి రావడానికి 365 రోజులపైన పావు రోజు పట్టడం ప్రకృతి లెక్క. ఎక్కణ్ణించి మొదలెట్టాలన్నది మనుషుల నిర్ణయం, అందులోనూ అధికారం ఉన్న మనుషుల నిర్ణయం. ఇంగ్లండులో 1751 దాకా చట్టం ప్రకారం సంవత్సరాది మార్చి 25. పార్లమెంటు చట్టంతో 1752 నుంచి అది జనవరి 1 అయింది. మన దేశంలో ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్ 1కి మార్చింది 1867లో బ్రిటిష్ సర్కారే. మద్రాసు రాజధాని కిందున్న ఆంధ్ర జిల్లాల్లో శిస్తు లెక్కల ఫసలీ జూలై 1న మొదలయ్యేది. ఫసలీ అంటే పంట లెక్క. అయితే అది పండించినవాడిది కాదు, వసూలు చేసుకునేవాడిది.

పంచాంగం మాత్రం తన లెక్క మనుషులది కాదంటుంది. సంక్రాంతినాడు ఉత్తరాయణం మొదలంటుంది. నిజానికి సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మూడు వారాలకు పైగా తేడా! భూమి అక్షం మెల్లగా దిశ మార్చుకోవడాన్ని సవరించుకోకుండా నక్షత్రాల లెక్కనే పట్టుకోవడంతో వచ్చిన తేడా ఇది. 1952లో వేసిన క్యాలెండర్ సంస్కరణ కమిటీ దీన్ని లెక్కగట్టి చూపింది. దాని అధ్యక్షుడు మేఘనాద్ సాహా, ఒక చిన్న దుకాణదారు కొడుకు. 1957 మార్చి 22న జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. గెజిట్‌లో ఆ తేదీ వేస్తారు. ముహూర్తాలు మాత్రం పాత లెక్కనే నడుస్తున్నాయి.

ఇదే పంచాంగం పెళ్లి పొంతనల కోసం పన్నెండు రాశుల్ని నాలుగు వర్ణాలకు పంచింది. కర్కాటకం, వృశ్చికం, మీనం బ్రాహ్మణ రాశులు. మిథునం, తుల, కుంభం శూద్ర రాశులు. పంచముడికి ఆకాశంలో కూడా చోటు లేదు.

ఇక పల్లెలో ఏడాదంటే జీతం ఏడాది. పాలేరు, జీతగాడు ఆసామి దగ్గర ఏడాదికి కుదిరేవాడు. కొన్నిచోట్ల ఉగాదికి, కొన్నిచోట్ల ఏరువాక పున్నానికి లెక్క తేల్చేవాళ్లు. పుస్తకం ఆసామి చేతిలో, వేలిముద్ర పాలేరుది. నాగాలకు కోత, తిన్న గింజలకు కోత, అప్పుకు వడ్డీ. అందరికీ కొత్త సంవత్సరం వస్తే, అతనికి పాత అప్పు కొత్త పేజీకి ఎక్కేది. ఇలాంటి అప్పుల్ని చట్టం రద్దు చేసింది 1976లో, వెట్టిచాకిరీ రద్దు చట్టంతో.

మరి మనవాళ్లకు కాలం లెక్క లేదా? ఉంది. ఎప్పుడు పుట్టావని అడిగితే మన ముసలమ్మలు తేదీ చెప్పరు. మృగశిర చినుకులప్పుడు అంటారు, నాట్లప్పుడు అంటారు. కార్తె పేర్లు నక్షత్రాలవే. వాటికి అర్థం ఇచ్చింది మాత్రం మడిలో దిగిన కాళ్లు. ‘ఉప్పెన ఏడు’ అంటే దివిసీమలో 1977. ‘కారంచేడు అయిన ఏడు’ అంటే 1985. ‘చుండూరు అయిన ఏడు’ అంటే 1991. మహారాష్ట్ర మహర్లు జనవరి 1ని తమ రోజుగా చేసుకున్నారు. 1818లో ఆ రోజే కోరేగావ్ యుద్ధం జరిగింది, 1927లో అదే రోజు అంబేద్కర్ అక్కడి స్తంభం దగ్గరికి వెళ్లాడు. తేదీ పాలకులదే, అర్థం వీళ్లది.

ఉగాది పచ్చడి తినొద్దని మేం అనడం లేదు. ఆ రోజున ఎవరి లెక్క తేలిందో, ఎవరి లెక్క తేలకుండా మిగిలిందో అడగమంటున్నాం. విద్యార్థులు, టీచర్లు, కార్యకర్తలు తమ వాడల్లో పాలేర్లుగా బతికిన పెద్దల దగ్గర కూర్చోవాలి. మీకు ఏడాది ఎప్పుడు తెగేది, ఎవరు తేల్చేవాళ్లు, ఎంత అప్పు మిగిలేది అని అడిగి రాసిపెట్టాలి. ఆ లెక్క నోటిమీదే ఉంది. చెప్పగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు.